నడిమి గడిలో పేరు

మా అమ్మాయి పేరు ఇక్కడ రాయను. అది ఇంకా రెండున్నరేళ్ల పిల్ల, అడిగితే ఒప్పుకుంటుందో లేదో తెలియదు. మొదటి పేరు రెండక్షరాలని మాత్రం చెప్తాను. అది నేను కడుపుతో ఉన్నప్పుడే ఖాయమైంది. గొడవంతా రెండో పేరు దగ్గర వచ్చింది.

జనన ధ్రువీకరణ పత్రం కోసం మా ఆయన తెచ్చిన ఫారంలో మూడు గడులున్నాయి. మొదటి పేరు, మధ్య పేరు, ఇంటిపేరు. మా ఇళ్లలో మధ్య పేరనేది ఎన్నడూ లేదు. బోధన్ దాటి మహారాష్ట్ర వైపున్న చుట్టాలు మాత్రం అక్కడ తండ్రి పేరు రాసుకుంటారు. ఆడపిల్లకు పెళ్లయితే అదే చోటికి మొగుడి పేరు వస్తుంది. మా ఆయన కూడా ఆ లెక్కన తన పేరు రాయబోతే నేను పెన్ను లాక్కున్నాను. తొమ్మిది నెలలు మోసింది నేనైతే మధ్యలో ఈయన కూర్చుంటాడా అని ఒళ్లు మండింది. పోనీ ఖాళీగా వదిలేద్దాం అన్నాడు. ఖాళీ గడిని చూస్తూ ఊరుకోవడం బడిపంతులమ్మకు చేతకాదు.

మూడో నెలలో పిల్లనెత్తుకుని నిజామాబాద్ నుంచి ఎడపల్లిలోని అత్తగారింటికి వెళ్లినప్పుడు పేర్ల పట్టీ ఒకటి రాసుకుని పోయాను. పూల పేర్లు, నదుల పేర్లు, అమ్మవార్ల పేర్లు. అత్తమ్మ అరుగు మీద కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆకులో తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం అన్నీ వేళ్లే చూసుకుంటాయి, ఆమె కళ్లు వీధిలో ఉంటాయి. నేను చదివిందంతా ఓపిగ్గా వింది. చదివితే పేరు తెలియదని, పిలిచి చూడాలని చెప్పింది.

"పొలం కాడికి ఇనవడాలె. ముందటి పేరు గబుక్కున అయిపోతది. ఎనకది సాగాలె."

చెప్పి ఊరుకోలేదు. చాట పక్కన పెట్టి, గేటు దగ్గర నిలబడి, ఎదురుగా ఉన్న చెరుకు తోట వైపు తిరిగి, నేను ఒక్కో పేరు అందిస్తుంటే దాన్ని మా పిల్ల పేరుకు తగిలించి కేకేసింది. పక్కింటివాళ్లు బయటికొచ్చి ఎవరి పిల్ల తప్పిపోయిందని అడిగారు. నాకు మొదట నవ్వొచ్చింది. మూడో కేకకు నవ్వు ఆగిపోయింది. కాగితం మీద ముద్దొచ్చిన పూల పేరు రోడ్డు కూడా దాటలేదు. నది పేరైతే మొదటి పేరు చివర్లో కలిసిపోయి ఇంకెవరినో పిలిచినట్టుంది. ఎనిమిదేళ్లుగా రోజూ హాజరు పిలుస్తున్న నాకు తట్టని సంగతి, బడి మెట్టెక్కని ఈమెకు ఎట్లా తట్టిందో అనుకున్నాను. ఆ రోజుతో ఆమె అంటే నాకున్న భయం పోయి గౌరవం కుదిరింది.

పట్టీ అయిపోయింది గానీ పేరు దొరకలేదు. వారం తర్వాత నేను గదిలో పిల్లకు పాలిస్తుంటే గేటు దగ్గర ఒక ముసలి గొంతు ఎవరినో పేరు పెట్టి పిలిచింది. మూడక్షరాల పేరు, మధ్య అక్షరం దీర్ఘం. ఆ పేరుగలవాళ్లు మా ఇంట్లో లేరు. ఎవరో ఇల్లు తప్పారనుకున్నాను. ఇంతలో వంటింట్లోంచి "ఆఁ" అని వినిపించింది. అత్తమ్మ గొంతే, కానీ అంత లేత గొంతుతో ఆమె పలకగా నేనెన్నడూ వినలేదు.

వచ్చింది మెండోర నుంచి ఆమె అన్న. పిల్లను చూడటానికి పసుపు సంచి పట్టుకుని వచ్చాడు. ఆయన పిలిచింది పుట్టింట్లో ఆమెకు పెట్టిన పేరట. పెళ్లయి వచ్చేసరికి ఈ ఇంట్లో ఆమె అత్తగారి పేరూ అదే. కోడలిని పిలిస్తే అత్త పలకాల్సి వస్తుందని పెళ్లి రోజే పేరు మార్చారు. రేషన్ కార్డు, ఆధార్, బీడీ కార్డు, అన్నిట్లో ఉన్నది ఆ మార్చిన పేరే. పాత పేరుతో పిలిచేవాళ్లు ఈ అన్న ఒక్కడే మిగిలాడు.

నేను ఆయన్ని మళ్లీ గేటు దగ్గరికి పంపి, మా పిల్ల పేరుకు ఆ పేరు కలిపి పిలవమన్నాను. పిలిచాడు. కేక తోట మీదుగా ఎంతో దూరం సాగింది. అత్తమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

"నీకు కోపమెక్కువ. రేపు పిల్లను తిడ్తవు. అత్త పేరు వెట్టి తిట్టినట్టయితది."

ఆమె అన్నదీ నిజమే. మా దగ్గర కోడలు అత్త పేరు నోటితో పలకదు. పిల్లకు నాయనమ్మ పేరు పెడితే తల్లి దాన్ని అవ్వా అని పిలుస్తుంది. నేను వాదనకు దిగి, ఆ పేరు మీ కాగితాల్లో ఎక్కడా లేదు కదా అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆమె చాట ముందేసుకుని ఒక కట్ట బీడీలు చుట్టేసింది.

"అయితే రాయి. ఒక్క కాయితంలనన్న ఉండనీ. తిట్టేటప్పుడు ముందటి పేరుతోనే తిట్టు."

సరేనని మాటిచ్చి, నా చేత్తోనే ఆ గడి నింపాను.

ఈ ఏడాది ఆ అన్న పోయాడు. ఆయన దినాలయ్యాక అత్తమ్మ మెండోర నుంచి వచ్చి, ఇక ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరని ఒక్కసారి మాత్రం అంది. తర్వాత మళ్లీ చాట పట్టుకుంది. మొన్న సెలవులకు ఎడపల్లి వెళ్లాం. సాయంత్రం మా పిల్ల బోరు దగ్గర బురదలో దిగి కూర్చుంది. మొదటి పేరుతో రెండుసార్లు పిలిచినా కదల్లేదు. నేను గేటు దగ్గర నిలబడి, అత్తమ్మ నేర్పినట్టే, రెండో పేరు కూడా కలిపి సాగదీసి పిలిచాను.

"ఆఁ, వస్తున్న" అని లోపల్నుంచి వినిపించింది. అత్తమ్మ చేతిలో దారంతోనే గడప దాకా వచ్చి, నన్ను చూసి తడబడి ఆగిపోయింది. పిల్లను పిలిచావా, నన్నే అనుకున్నానంది.

"మిమ్ముల్నే పిలిచిన అత్తమ్మా" అన్నాను.

ఆమె దారం పక్కన పెట్టి గడప దాటింది.

"అయితే ఇంకోపారి పిలువు" అంది.