మా బావగారి మరమ్మతు

మా ఆవిడ అన్నయ్య శాస్త్రవేత్త. ఆ సంగతి మీరు అడగక్కర్లేదు, ఆయనే చెబుతాడు. బట్టలు కుట్టించుకోవడానికి వెళ్లి చెప్పాడు, పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరిచి ఉండగానే చెప్పాడు. క్రోమోజోముల్ని కావాల్సిన చోట కత్తిరించే ఎంజైములతో ఆయన పని. ఇంట్లో మాత్రం ఉన్న నాలుగు వెంట్రుకలు దువ్వుకోవడం తప్ప ఇంకేదీ చేతకాదు.

మా ఆవిడకు కడుపు నిలిచేది కాదు. మూడోసారీ పోయాక పరీక్షలు చేయిస్తే, ఆమెలో రెండు క్రోమోజోములు తోకలు మార్చుకున్నాయని తేలింది. దానివల్ల ఆమెకు ఏ ఇబ్బందీ లేదు, పుట్టబోయే బిడ్డకే వాటా తప్పుగా అందుతోంది. ఈ ముక్క మాకు ఎక్కించడానికి బావ నా నల్లబూట్ల లేసూ తెల్లబూట్ల లేసూ లాగి, కత్తెరతో చివర్లు కోసి, దీని ముక్క దానికీ దాని ముక్క దీనికీ ముడేశాడు. మర్నాడు నేను చెప్పులతో ఆఫీసుకు వెళ్లాను.

ఆసుపత్రి డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. పిండాల్ని బయట తయారుచేసి, వాటిలో సరైనదాన్ని ఏరి కడుపులో పెడతారట. కుదిరి తీరుతుందని మాటివ్వలేను, వయసుండగానే మొదలుపెట్టండి అంది. మా ఆవిడ ఆశపడింది. బావ మూతి విరిచాడు.

"ఏరుకోవడమూ ఒక విద్యేనా? నేను అసలు దాన్నే బాగుచేస్తాను. కొన్నాళ్లు ఆగు."

ఆగింది. చిన్నప్పుడు లెక్కలు నేర్పింది ఆయనేనట, ఆయన మాటంటే అంత గురి. డాక్టరమ్మ దగ్గరికి పోదామని నేనంటే ఆయన ఒంటికాలి మీద లేచేవాడు, ఈవిడ అన్నగారికే వంత పాడేది. ఆయన వచ్చినప్పుడల్లా చెయ్యి చాపేది. ఆయన రక్తం తీసుకుని, కాఫీ తాగి, చక్కెర తక్కువైందని చెప్పి వెళ్లేవాడు. ఆ రక్తంలోంచి మూలకణాలు తయారుచేసి ప్రయోగశాలలో గాజు పళ్లెంలో పెంచాడు. ముందు వేరేవాళ్ల మంచి కణాల్లో ఇదే తోకల మార్పిడి తెప్పించి, అవి ఎలా చెడతాయో చూస్తూ కొన్నేళ్లు గడిపాడు. తర్వాత మా ఆవిడ కణాల్లో అతుకుల దగ్గర కత్తిరించి, ముక్కలు సొంత చోటికి చేరతాయేమోనని ఇంకొన్నేళ్లు చూశాడు. ఆమెకు తల నెరిసింది. ఆయన మాత్రం ఈ ఏడాదే అనేవాడు, ప్రతి ఏడాదీ.

చివరికి ఓ రోజు మమ్మల్ని ప్రయోగశాలకు రమ్మన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలు గుద్దుకుంటూ ఎదురొచ్చాడు. తెర మీద రంగులేసిన క్రోమోజోములు ఉన్నాయి. ఎర్రది పూర్తిగా ఎర్రగా, ఆకుపచ్చది పూర్తిగా ఆకుపచ్చగా ఉంది. దేని తోక దానికి చేరింది. చూడవే, ఇవి నీ కణాల్లోవే అన్నాడు. మా ఆవిడ చాలాసేపు చూసి, మరి నాకెప్పుడు చేస్తావని అడిగింది.

ఆయన నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోను, నాకు అంత పెద్దమనసు లేదు.

"నీకెలా చేస్తామే? ఇది పళ్లెంలో కణాల మాట. కత్తిరించినవన్నీ సరిగ్గా అతుక్కుంటాయా ఏంటి? వేలల్లో ఎక్కడో ఒకటి కుదిరింది, దాన్ని పట్టుకుని పెంచాం. మిగతావి పారేశాం."

"అంటే నువ్వూ ఏరావు," అంది మా ఆవిడ.

ఆయన బుర్రకు ఎక్కలేదు. పక్కగదుల్లో వాళ్లందర్నీ పిలిచి, ఈ కణాలు మా చెల్లెలివే అని చెప్పాడు. వాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ వారంలోనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ పరీక్షలన్నీ చూసి, కుర్చీ మా దగ్గరికి జరుపుకుని, ఇక అండాలు లేవమ్మా అని నెమ్మదిగా చెప్పింది.

ఆయన్ని చూస్తే నాకు ఒళ్లు మంట. మా ఆవిడకు కాదు, అదే నాకు మింగుడుపడదు. మొన్న వచ్చి, సెలవు పెట్టి సముద్రం ఒడ్డుకు వెళ్తున్నానని గొప్పగా చెప్పాడు. ఆ కణాలకు పండగైనా పబ్బమైనా రోజూ ఆహారం మార్చాలట, లేకపోతే చచ్చిపోతాయట. మా ఆవిడ కాఫీ అందిస్తూ, కప్పు ఇంకా వదలకుండానే అడిగింది.

"నువ్వు ఊళ్లో లేకపోతే వాటికి వేళకు ఎవరు పెడతారన్నయ్యా?"

బావ కాలు మీద కాలేసుకుని, ఆ ఆహారంలో ఏమేం కలుపుతారో చెప్పడం మొదలుపెట్టాడు.