ఎవరూ ఉండని గదిలో ఆరుగురు

బడి వదిలాక జనాభా లెక్కల డ్యూటీ మీద ఇవాళ నాచారంలో ఫ్యాక్టరీ వెనక గల్లీకి వెళ్లాను. ఒక్క గదిలో ఆరుగురు కార్మికులు, షిఫ్టుల వారీగా పడుకుంటారు. ఒక్కరూ పేరు రాయించుకోరు.

"మా ఇంటోళ్లు ఊర్లనే రాయించిన్రు సారూ. ఈడ రాస్తే ఆడ రేషన్ కార్డుల పేరు తీసేస్తరు," అన్నాడు అందరిలో పెద్దవాడు లక్ష్మయ్య.

రేషన్ కార్డుకూ దీనికీ సంబంధం లేదనీ, ఎక్కడుంటే అక్కడే రాయించుకోవాలనీ, ఈ లెక్కను బట్టే వార్డులు ఏర్పడతాయనీ గంటసేపు గొంతు చించుకున్నాను. అందరూ తలలూపారు.

"అయితే ఈ గదిల ఎవ్వరుంటలేరని రాసుకోన్రి," అన్నాడు లక్ష్మయ్య.

విసుగొచ్చి ఫారం మడిచి లేచాను. గుమ్మం దాకా వెంట వచ్చాడు.

"సారూ, గల్లీ మొత్తానికి ఒక్కటే నల్లా. జర పైకి రాయిన్రి."

ఒళ్లు మండిపోయింది. "ఎవరూ ఉండని గదికి నీళ్లెందుకయ్యా?"

"మేమున్నం గద సారూ!"

గంట నుంచి నేను చెప్పమని బతిమాలుతున్నది ఆ ఒక్క ముక్కే!

పదేళ్లుగా ఉప్పల్లో అద్దెకుంటున్నా, నా ఓటు ఇంకా భువనగిరిలోనే ఉందని మాత్రం అతనికి చెప్పలేదు. మీ ఓటెక్కడుంది?