చేతికందే తీగ

ఎల్బీ నగర్‌లో మా కాలనీ పార్కు ప్రహరీ మీద బొమ్మలు వేయమని సంఘం వాళ్లు అడిగేనాటికి నేను డ్రాయింగ్ టీచరు ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్నాను. సంతోషంగా ఒప్పుకున్నాను. నెమళ్లు, మెట్రో రైలు, నాదర్‌గుల్ వైపు పైలట్లు నేర్చుకుంటూ తిప్పే చిన్న విమానాలు, ఎవరేం అడిగితే అది కాగితం మీద గీసుకున్నాను. ముందు గోడంతా తెల్ల ప్రైమర్ కొట్టించి, ముట్టుకోవద్దని బోర్డు పెట్టాను.

మర్నాడు పొద్దున ఒకావిడ ఆ బోర్డు ముందు ఆగిపోయి ఉంది. యాభై దాటి ఉంటాయి. పక్కన భర్త. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయనకు పోచంపల్లి చీరల దుకాణం ఉంది. ఒకటి రెండుసార్లు అక్కడ చీరలు కొన్నాను.

"గోడ గిట్ల ఎన్ని దినాలుంటది మేడం?" అని అడిగాడాయన.

"రేపటికి ఆరిపోతుంది. ఎందుకన్నా?"

జవాబు ఆవిడ చెప్పింది. మాట కాస్త ముద్దగా వచ్చింది. "నేను గోడ పట్టుకొనే నడుస్త."

పక్షవాతం వచ్చి కుడికాలూ కుడిచెయ్యీ సరిగ్గా స్వాధీనంలో లేవట. ఎడమచేత్తో ప్రహరీ పట్టుకుని రోజూ పార్కు చుట్టూ తిరుగుతుందట. దవాఖానలో ఇచ్చిన కర్రను ఇంట్లో మూలన పడేసింది.

"కర్ర పడ్తే ముసలిదాన్నైనట్టు అనిపిస్తది," అంది. భర్త నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఆ రోజు నడవకుండానే వెళ్లిపోయారు.

ఆరాక నేనే కబురు పెట్టాను. ఆవిడ వచ్చి గోడ మీద చెయ్యి వేసింది. నాలుగడుగులు వేసి ఆగింది. "జారుతున్నది మేడం. ఇంతకుముందు గరుకుగ ఉండె."

ఆ నున్నటి గోడ చూసి ముచ్చటపడింది నేనే. ఇంటికొచ్చి కాగితాలు ముందేసుకున్నాను గానీ గీత పడలేదు. ఆవిడ చెయ్యి జారడమే కళ్లముందు కదిలింది. సాయంత్రానికి ఒక ఆలోచన వచ్చింది. బొమ్మల కింద, చేతికందే ఎత్తులో, సిమెంటుతో ఉబ్బెత్తుగా ఒక తీగ పాకిస్తే?

సంఘం అధ్యక్షుడిది కోస్తా. బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. "బొమ్మలు వేస్తానని తాపీ పని పెట్టారేంటండీ?" అన్నాడు. సంగతి చెప్పాను. గోడ పొడవునా ఓసారి నడిచి వచ్చాడు.

"అలాగైతే చుట్టూతా పెట్టించండి. మధ్యలో ఆపేస్తే అక్కడ ఆవిడేం పట్టుకుంటారు?"

మేస్త్రీ తీగ వేస్తే నేను ఆకులు దిద్దాను. ఆవిడ రోజూ వచ్చి స్టూలు మీద కూర్చుని, ఆరిన ముక్కను తడిమి చూసేది.

"గీ ఆకు గుచ్చుకుంటున్నది."

అందం కోసం మొన తేల్చిన ఆకులన్నీ గుండ్రంగా అరగదీయించాను. పువ్వులు పెట్టనా అక్కా అని అడిగితే తల అడ్డంగా ఊపింది.

"జాంకాయలు పెట్టు. అలిసినప్పుడు పట్టుకొని నిలబడనీకి మంచిగుంటది."

అలా తీగకు జామకాయలు కాశాయి. జామకు తీగ ఎక్కడిదని అధ్యక్షుడు మాత్రం అడగలేదు.

సిమెంటు గట్టిపడ్డాక ఆవిడ మొదటిసారి నడిచిన రోజు నాకు బాగా గుర్తు. కాయ కాయకూ ఆగుతూ, ఊపిరి తీసుకుంటూ వెళ్లింది. వెనకే భర్త, ఆ వెనక నేను. మోటారు గది దగ్గర ఇనుప తలుపుంది. అక్కడ తీగ వేయడం కుదరలేదు. ఆవిడ ఆగిపోయింది. నేను ముందుకు వెళ్లబోయేంతలో ఆయన తలుపు ముందుకొచ్చి చెయ్యి చాచాడు. ఆ చెయ్యి పట్టుకుని దాటింది. అవతల తీగ అందగానే వదిలేసింది.

"ఇగ నువ్వు పో. దుకాణం తెర్వాలె గద," అంది.

"ఒక్కదానివే..."

"మేడం ఉంది. తీగ ఉంది. పో."

ఆయన గేటు దాకా వెళ్లి ఒకసారి వెనక్కి చూశాడు. ఆవిడ చూడలేదు, అప్పటికే తర్వాతి కాయ వైపు సాగిపోతోంది. ఆయన షేర్ ఆటో ఎక్కేశాడు.