వదిన క్రీము, సిమెంటు చేతులు

ఆ ఆడవాళ్ల చేతులు కాల్చింది సిమెంటు. నోటీసులో మాత్రం మా వదిన చేసిన క్రీము కాల్చిందని రాశారు. అది అన్యాయం. నలభై ఏళ్లు దాటినా నాకు అన్యాయంగానే ఉంది.

మొన్న మనవరాలు కొత్త క్రీము డబ్బా తెచ్చి, "తాతా, దీని పీహెచ్ ఐదున్నర, చర్మానికి సరిగ్గా సరిపోతుంది" అని నాకు పాఠం చెప్పబోయింది. చెప్పనిచ్చాను. పోర్టులో మూటలు దించుతూ, ఐదో తరగతి చదువుతో, పాత పుస్తకాల్లోంచి కూడబలుక్కుని నేను ఆ పాఠం నేర్చుకున్నానని ఆ పిల్లకేం తెలుసు. వదిన అయితే పుస్తకమే లేకుండా నేర్చుకుంది.

ఎనభైల మొదట్లో స్టీలు ప్లాంటు కడుతున్న రోజులు. ఆనందపురం అవతలి పల్లె నుంచి వచ్చిన మా అన్నయ్య భార్య, కూర్మన్నపాలెం దగ్గర కాంక్రీటు తట్టలు మోసే ఆడవాళ్ల జట్టులో చేరింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి వేళ్ల సందులు ఒరిసిపోయి ఉండేవి. అన్నంలో కూర కలిపితే కారానికి కళ్లలో నీళ్లు తిరిగేవి. కాలిన చోట రాసే మందు ఆవిడకు పుట్టింటి నుంచి వచ్చిందే. సున్నపు నీళ్ల మీది తేట, కొబ్బరి నూనె కలిపి వెన్నలా తెల్లబడేదాకా గిలకొట్టడం. సీసాల్లో నింపి జట్టులో అందరికీ పంచింది. ఎవరి చేతులూ మానలేదు.

అప్పుడు నేను పుస్తకం పట్టుకుని ఆవిడ ముందు కూర్చున్నాను. పీహెచ్ లెక్కలో ఏడు మధ్య అంకె, దానికి దిగువ పులుపు, ఎగువ క్షారం, మన చర్మం ఐదున్నర దగ్గర, తడి సిమెంటు పన్నెండు పైన అని వివరించాను.

"ఏడు మద్దెనైతే నీ బుర్ర ఎంతేటి, మరిదీ?" అంది పొయ్యి ఊదుకుంటూ.

"క్షారమంటే సున్నం లాంటిది, వదినా."

ఊదడం ఆపింది. పసుపు తడిపి పాత చీర పీలికకు పట్టించింది. ఒక చివర సిమెంటు నీళ్లలో ముంచితే పారాణి రంగు తిరిగింది. రెండో చివర తన క్రీము రాసింది. అదీ ఎర్రబడింది. పసుపులో సున్నం కలిపి ఎన్ని పెళ్లిళ్లలో పాదాలకు పారాణి పూసిందో ఆవిడ.

"సున్నానికి కాలిన సేతికి మల్లీ సున్నమే రాసినాను," అంది. అంతే. ఆ సాయంత్రమే ఇంటింటికీ తిరిగి సీసాలన్నీ వెనక్కి తెచ్చి పారబోసింది. తప్పు తెలిసిన గంటలో దిద్దుకున్న మనిషిని నేను మరొకరిని చూడలేదు. నన్ను కూడా లెక్కలో వేసుకునే చెబుతున్నాను.

తర్వాతి క్రీముకు తేనె మైనం కరిగించి కొబ్బరి నూనెలో కలిపింది. అది రాసినా పసుపు పీలిక రంగు మారలేదు. ముందు నీళ్లతో కడుక్కోవడం, పుల్ల మజ్జిగతో తుడుచుకోవడం, ఆ తర్వాతే క్రీము. నెల తిరిగేసరికి చాలామందికి పుళ్లు ఆరాయి.

కానీ మొదటి దఫా రాసుకున్నవాళ్లలో పుళ్లు మానని ఇద్దరు ఆ నెలాఖరున కంట్రాక్టరు ఆసుపత్రికి వెళ్లారు. చేతులకు ఏం పూసుకున్నారని డాక్టరు అడిగాడు, వాళ్లు సున్నపు తేట అన్నారు. క్రీమే కాల్చిందని ఆయన చీటీ రాసిచ్చాడు. మర్నాడే నోటీసు. క్రీము రాసుకున్నవాళ్లకు పని లేదు, చేసినావిడను జట్టులోంచి తీసేశాం అని. కంట్రాక్టరుకు కావలసిందీ అదే. తప్పు క్రీముదైతే పని దగ్గర చేతులు కడుక్కోవడానికి కుళాయి వేయించక్కర్లేదు. ఆడవాళ్లు మళ్లీ ఉత్త చేతులతో సిమెంటులో దిగారు.

ఆ డాక్టరుకు మూడు ఉత్తరాలు రాశాను. మంచి ఘాటైనవి. జవాబు లేదు. నాలుగోది వదిన చెప్పి రాయించింది.

"మొదట నాను సేసింది తప్పని రాయి."

"అది రాస్తే మనల్ని కొట్టడానికి మనమే కర్ర ఇచ్చినట్టు, వదినా."

"కర్రేటి, గిర్రేటి. సగం నిజం రాత్తే ఆ డాక్టరు బాబు సగమే నమ్ముతాడు. రాయి."

పళ్లు కొరుక్కుంటూ రాశాను. సిమెంటు నీళ్లలో ముంచిన పసుపు పీలిక ఒకటి, కొత్త క్రీము పూసిన పీలిక ఒకటి వదిన ఉత్తరానికి గుచ్చింది. ఆ తర్వాత నెలన్నర ఎదురుచూశాం. ఇప్పటికి గడిచిన నలభై ఏళ్లకంటే అదే నాకు పొడుగ్గా తోస్తుంది. చివరికి డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన కార్డు గుమ్మంలోనే నిలబడి వదినకు చదివి వినిపించాను:

"మీ వదినగారు తన తప్పు ముందు రాశారు కనక నాది నేను రాయక తప్పదు. చేతులు కాల్చింది సిమెంటే. నోటీసు తీయించాను. ఆవిణ్ణి సోమవారం పనిలోకి రమ్మనండి. కుళాయి వేసేదాకా ఆ పని దగ్గర నేనూ నిలబడతాను."