చుక్క కారని ఇంజిన్

ఊళ్ళో కార్లు బాగుచేసేవాళ్ళు ఎంతమంది ఉన్నా, పొడి మేస్త్రి అంటే అతనొక్కడే. ముక్కుపొడి అలవాటుండి వచ్చిన పేరు కాదది. అతను కట్టిన ఇంజిన్ కింద తెల్లకాగితం పరిచి వారం తర్వాత తీసి చూసినా చుక్క ఆయిలు మరక ఉండేది కాదు. ముప్పై ఏళ్ళు ఆ పేరు మీదే బతికాడు. పక్క షెడ్డులో బాగైన కారు ఏదైనా ఆయిలు కారుస్తూ తన వాకిట్లో ఆగితే, "పాపం, జలుబు చేసినట్టుంది, ముక్కు తుడవండి" అనేవాడు. గొప్ప ఉన్నచోట నోరు ఊరికే ఉండదు కదా.

పనిలో అతనిదొక పద్ధతి. విప్పిన సామానంతా పాత దుప్పటి మీద విప్పిన వరసలోనే పేర్చేవాడు. భార్య ఒక్కొక్కటే కిరసనాయిల్లో కడిగి, తీసినచోటే మళ్ళీ పెట్టేది. అన్నీ ఆరేదాకా రోగం ఫలానా అని నోరు విప్పేవాడు కాదు. ఆమె బడి మెట్లు ఎక్కిన మనిషి కాదు గానీ, ఇనుము మీద వెంట్రుకవాసి పగులును కూడా గోటితో పట్టేసేది. ఆమె మాటా ఆ గోరులాంటిదే.

ఒక మంగళవారం పళ్ళ డాక్టరమ్మ కారును లారీ మీద తెచ్చి దింపారు. ఆవిడ ఆసుపత్రి రెండు వీధుల అవతల. వారమంతా జనం పళ్ళు పీకి, సెలవు రోజున ఊరి బయట ట్రాకు మీద పందెం కారు తోలేది. కారు చూడ్డానికి పొట్టిదే గానీ టర్బో ఉన్న ఇంజిన్, తొక్కితే పులి. ఏడు నెలల కిందట ఆ ఇంజిన్ విప్పి కట్టింది మన మేస్త్రే. ఇప్పుడది కదలనంటోంది.

"తప్పు నాదే మేస్త్రి గారూ," అంది డాక్టరమ్మ. "మలుపు దగ్గర నాలుగు నుంచి మూడో గేరుకి రావాల్సింది, రెండులో పడేశాను. మీటరు ముల్లు ఎర్రగీత దాటిపోయింది. ఇంకో రెండు చుట్లు తిరిగానో లేదో, టకటకా మొదలైంది."

"కానివ్వండి, విప్పి చూద్దాం."

"చూడ్డానికేముంది? ఎలాగూ విప్పుతున్నారుగా, గట్టి రాడ్లు, గట్టి పిస్టన్లు వేసేయండి. టర్బో కూడా పెద్దది పెట్టండి. నా చెయ్యి మళ్ళీ తప్పినా ఇంజిన్ తట్టుకోవాలి. కుదరదంటారా, అమ్మేస్తాను. ఇక ట్రాకు మొహం చూడను. పన్ను పీకే చేతికి గేరు వెయ్యడం రాదని తేలిపోయిందిగా!" అని నవ్వింది. ఆ నవ్వులో పస లేదు.

విప్పి చూస్తే మూడో సిలిండరు కింద బేరింగు అరిగి పిండైపోయింది, ఇరుసులా తిరిగే క్రాంకు మీద గీతలు పడ్డాయి, దాన్ని పిస్టన్‌తో కలిపే రాడ్డు కాలి వంకాయ రంగుకు తిరిగింది. బుధవారం పొద్దున మేస్త్రి భార్య ఆయిలు పంపు మూతికుండే జల్లెడ కడుగుతోంది. ఏదో అడ్డుపడింది. జడలోంచి పిన్ను తీసి పొడిచింది. చిక్కుడు గింజంత బూడిదరంగు రబ్బరు ముక్క ఊడి వచ్చింది. అరచేతిలో పెట్టుకుని మొగుడి ముందుకు తెచ్చింది.

"ఏమయ్యా, ఇదెవరి సొత్తు?"

మేస్త్రి చూశాడు. కొడుకు ముఖం గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాడు. ఇంజిన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టిని, అదే ఆయిల్ చాంబర్‌ను, బిగించేటప్పుడు సందుల్లోంచి కారకుండా అంచు చుట్టూ, ఆరితే రబ్బరయ్యే పేస్టు పెడతారు. దారం మందం పెడితే చాలు. చుక్క కారితే పేరు పోతుందని అతను వేలు మందం పెట్టేవాడు. బయటికి పొంగింది తుడిచేసేవాడు. లోపలికి పొంగింది ఎవరికి కనిపిస్తుంది? అది వేడి ఆయిల్లో నాని, తెగి, కొట్టుకుపోయి జల్లెడకు అడ్డం పడింది. ఇంజిన్‌కు ఆయిలు అందలేదు.

"గేరు తప్పినందుకు కూడా అయ్యుండొచ్చు," అన్నాడు గొంతు సవరించుకుని.

"గేరు తప్పితే వాల్వు వంగాలి, పిస్టన్ నెత్తిన గాటు పడాలి. అవి కడిగింది నేను. పెళ్ళికూతురి గాజుల్లా ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా నీ దగ్గర విన్న పాఠం నాకే తిప్పి చెబుతున్నావా?"

"సరేలేవే. ఆవిడే పెద్ద సామాను వెయ్యమంటోంది. వేస్తాను. కొత్త జల్లెడ పెడతాను, పేస్టు సన్నగా రాస్తాను. బండి బంగారంలా తిరుగుతుంది. ఎవరికి నష్టం చెప్పు?"

"ఎవరికీ లేదు. ఆవిడ బతికినన్నాళ్ళూ తన చెయ్యి చెడ్డదనుకుంటుంది, నీ చెయ్యి మంచిదనుకుంటుంది. అంతే."

మధ్యాహ్నం మేస్త్రి కాగితం తీసుకుని రాడ్లు నాలుగు, పిస్టన్లు నాలుగు, టర్బో ఒకటి అని రాయడం మొదలుపెట్టాడు. పెద్ద సామాను వేయడం అతనికి కొత్త కాదు, ఇష్టమైన పనే. అయినా కలం సాగలేదు. రోగం ఒకటి, మందు ఒకటి అని చేతికి తెలుసు. చేతిమీద నమ్మకం పోయిన మనిషిని ఇంకా బలమైన బండి ఎక్కించడం ఎలాంటిదో కూడా తెలుసు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. కక్కలేడు, మింగలేడు.

గురువారం డాక్టరమ్మ తెల్లకోటుతోనే వచ్చింది. సామానంతా దుప్పటి మీద ఆరి ఉంది. మేస్త్రి జేబులోని కాగితం తీసి, "రాడ్లు..." అని మొదలుపెట్టాడు.

"ఒక్క నిమిషం," అంది ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుంటూ. "ముందు నా గేరు దెబ్బ ఎక్కడ తగిలిందో చూపించండి. తెలుసుకుంటే ఇంకోసారి చెయ్యకుండా ఉంటాను."

మేస్త్రి వేలు దుప్పటి మీద బయల్దేరింది. వాల్వుల మీదుగా పోయింది, పిస్టన్ల మీదుగా పోయింది. ఆగడానికి చోటు దొరకలేదు. అతని భార్య కిరసనాయిలు డబ్బా పక్కన నిలబడి చూస్తోంది. ఆమె నోరు మూసుకోవడం అతను చూసింది అదే మొదటిసారి.

అతను లేచి, అరలో దాచిన రబ్బరు ముక్కను తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇది నా పేస్టమ్మా. మీ గేరు కాదు," అని జరిగిందంతా చెప్పాడు.

ఆవిడ దాన్ని పన్ను చూసినట్టు వెలుతురుకు ఎత్తి చూసింది. "పంటికి తొడుగు వేసేటప్పుడు సిమెంటు ఎక్కువైనా ఇంతే. చిగురు కిందికి దిగింది కనపడదు, వాచేదాకా తెలీదు." ఆ తర్వాత మొహం ఎర్రబడింది. "నాలుగు రోజులుగా నన్ను నేను తిట్టుకుంటున్నాను తెలుసా? మీకెప్పుడు తెలిసింది?"

"నిన్న..."

"నిన్న పొద్దున, పదిన్నరకి," అంది భార్య.

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "సరే. ఇప్పుడు చెప్పండి. ఉన్నదాన్ని బాగుచెయ్యాలా, పెద్దది చెయ్యాలా?"

"బాగుచేస్తే చాలు. ఒక్క రాడ్డే పోయింది. క్రాంకును లేత్ మీద సాపు చేయించి కొత్త బేరింగులు వేస్తాను, ఖర్చు నాది. ఇది బలం చాలక పోలేదమ్మా, దాహంతో పోయింది. ఏడాది తోలండి. మీ చేతికి ఈ ఇంజిన్ చాలట్లేదనిపిస్తే అప్పుడు రండి, ఎంత పెద్దదైనా కడతాను. భయానికి మందుగా మాత్రం కట్టను."

"చాంబర్ మూసేటప్పుడు నేనుండాలి."

"ఉండండి. పేస్టు గొట్టం మీ చేతికే ఇస్తాను."

ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "మేస్త్రి గారూ, ఇలా ఇంకెన్ని మూశారు?"

మేస్త్రి అంతదాకా ఆలోచించలేదు. ఆవిడ ఆగలేదు, వెళ్ళిపోయింది. అతను కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. పాల వ్యాను, డ్రాయింగు మాస్టారి కారు, డ్రైవింగు స్కూలు వాళ్ళవి రెండు... ఒక చేతి వేళ్ళు అయిపోయాయి, రెండో చేయి మొదలైంది.

"నన్ను చెయ్యమనకు, చెప్పాల్సింది నీ నోరే," అని భార్య ఫోను తెచ్చి దుప్పటి అంచున పెట్టింది.

మొదటి ఫోను పాల వ్యానతనికి. "బాబూ, రేపొకసారి బండి తీసుకురా. అడుగు విప్పాలి... లేదయ్యా, కారట్లేదు. కారకుండా చెయ్యాలనే తాపత్రయంలోనే తప్పు చేశాను."

అవతలివాడు మేస్త్రి పరాచికాలాడుతున్నాడనుకుని పకపకా నవ్వాడు. మేస్త్రి ఆ నవ్వు ఆగేదాకా ఓపిక పట్టి, మొదటినుంచీ మళ్ళీ చెప్పాడు.