అర్థమైందా? అర్థమయ్యే ఉంటుంది!

ఇంటర్నెట్టు ఇంకా ఇళ్ళలోకి రాక, వీధి చివర ప్లైవుడ్ గదుల్లో గంటల లెక్కన అద్దెకు దొరికే కాలమది. కంప్యూటరు ముందు కూర్చుంటే చాలు, లోకమంతా మనతో మాట్లాడుతుందని అందరూ చెప్పేవారు. నేనూ నమ్మాను. నమ్మి, చదువు ముగిసిన ఏడాదే తిరుపతిలో ఒక దూరవిద్య ఆఫీసులో ‘ఆన్‌లైన్ పాఠాల రూపకర్త’గా చేరిపోయాను. (ఆ హోదాకు అర్థమేమిటో నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నవాళ్ళకే సరిగ్గా తెలియదు. నాకెలా తెలుస్తుంది?) ఊర్లో ఉన్న మా నాయనకు ఫోనులో ఎంతసేపు వివరించినా, అంతా విని చివరికి ఒకటే అడిగేవాడు: “అదంతా సరే గానీ, పిల్లోళ్ళు లేని బడికి అయివోరు ఎందుకురా?”

తిరుపతిలో ఒంటరిగా ఉండటమంత విచిత్రం ఇంకోటి లేదు. ఊరినిండా జనమే, కానీ ఎవరూ ఉండటానికి వచ్చినవాళ్ళు కారు. నేను నెల అద్దెకు దిగిన లాడ్జిలో పక్కగది వాళ్ళు రోజూ మారిపోయేవారు. పొద్దున కుళాయి దగ్గర “యా ఊరప్పా మీది?” అని ఆప్యాయంగా పలకరించిన పెద్దాయన సాయంత్రానికి గుండుతో దిగేవాడు. అన్ని గుండ్లలో నన్ను పలకరించిన గుండు ఏదో నేను తేల్చుకునేలోపే ఆయన సామాను సర్దుకుని ఆటో ఎక్కేసేవాడు. హోటల్లో సర్వరుకు కూడా నేను యాత్రికుణ్ణే. నెలల తరబడి అక్కడే తింటున్నా, “దర్శనం బాగా అయిందా సార్?” అని రోజూ కొత్తగా అడిగేవాడు. “బాగా అయింది” అని నేనూ రోజూ చెప్పేవాణ్ణి. కొన్ని రోజులు ఆఫీసు బయట నేను మాట్లాడిన మాట ఆ ఒక్కటే.

ఇక ఆఫీసులో నా పని ‘పిల్లలకు చదువు చెప్పడమెలా’ అనే కోర్సును తయారుచేయడం. చిన్న ఊళ్ళ ప్రైవేటు బళ్ళలో పనిచేసే టీచర్ల కోసం అది. పాత కాగితాలు, విరిగిన కుర్చీలు వేసే గదిని నాకు స్టూడియోగా ఇచ్చారు. గొంతు మారుమోగకుండా గోడలకు నాలుగువైపులా బొంతలు వేలాడదీశాను. ఎదురుగా ఉన్న బొంతను చూస్తూ మైకులో పాఠం చదివేవాణ్ణి. ప్రతి విషయం చివరా, మంచి గురువులాగా “అర్థమైందా?” అని అడిగి, ఊపిరి కూడా తీసుకోకుండా “అర్థమయ్యే ఉంటుంది. ఇక ముందుకు వెళ్దాం” అనేవాణ్ణి. బొంత ఎప్పుడూ కాదనలేదు. ప్రతి పాఠానికి ముందు వీణ సంగీతంతో గిరగిరా తిరిగే తామరపువ్వును కూడా పెట్టాను. అది నా కళాహృదయం.

కొన్నాళ్ళకు డైరెక్టరు సారు పిలిచారు. నామం పెట్టుకుని, నెమ్మదిగా మాట్లాడే పెద్దమనిషి. “ఏమప్పా, చేరినోళ్ళలో ఒక్కరన్నా మూడో పాఠం దాటినట్టు లేదే. ఈ తూరి ఎవురూ ముగించకపోతే నీ విభాగాన్ని మూసేస్తామంటా ఉండారు పైన. తడ ఊర్లో ఒకామె మాత్రం ఆడి ఇంటర్నెట్ సెంటర్లో అదే పాఠాన్ని పదే పదే తెరస్తా ఉంది. పోయి ఆమెనన్నా కనుక్కోనిరా పో” అన్నారు. ఒకే పాఠాన్ని పదే పదే! నా గొంతు కోసమే వింటోందేమోనని (వయసు అలాంటిది) ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కాను. ‘నమస్కారమండీ, ఆ పాఠం చెప్పింది నేనే’ అని దారిపొడవునా లోలోపల సాధన చేశాను.

తడలో ఆ ఇంటర్నెట్ సెంటరు గుమ్మం దగ్గరే నా కాళ్ళు ఆగిపోయాయి. హెడ్‌ఫోన్లు చెడిపోయినట్టున్నాయి, పెద్ద స్పీకర్లలోంచి నా గొంతు వీధిలోకి వినిపిస్తోంది. “పిల్లవాడి ముఖం చూస్తూ పాఠం చెప్పాలి. అర్థమైందా? అర్థమయ్యే ఉంటుంది. ఇక ముందుకు వెళ్దాం.” తెర ముందు కూర్చున్న ఆడమనిషి బల్ల చరిచింది. “యాడికప్పా పోయేది? నిలబడు! నాకేం అర్థమైందని పోతా ఉండావు?” అని మౌసు పట్టుకుని పాఠాన్ని కాస్త వెనక్కి లాగింది. అది కాస్త వెనక్కి పోలేదు, మొదటికే పోయింది. మళ్ళీ వీణ, మళ్ళీ తామరపువ్వు. “తిరగతాది సూడు ముదనష్టపు పువ్వు” అంది ఆమె.

సెంటరు యజమాని “ఏం తంబీ, ఏం కావాల?” అని అడిగితే, నోరు తెరిస్తే నా గొంతు గుర్తుపడతారన్న భయంతో చేత్తో ఏదో సైగ చేశాను. ఆయన ముఖం జాలితో కరిగిపోయింది. “అయ్యో, మాట రాదా? కూసో తంబీ, కూసో” అని గట్టిగా అరిచి (మాట రానివాళ్ళకు చెవులూ వినపడవని ఆయన నమ్మకం), కుర్చీ లాగి, టీ తెప్పించి, “టీచరక్కా, ఈ పిల్లోడికి మాట రాదు, నీ పక్కన కూసుంటాడు” అని అప్పజెప్పాడు. మా ఊరు వదిలి వచ్చాక నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చిన మొదటి మనిషి ఆయనే. నేనేమో మూగవాణ్ణి.

టీచరక్క నావైపు తిరిగింది. “నువ్వే మేలు తమ్ముడూ. ఈయనకి మాటైతే వస్తాది గానీ, ఎదర మనిసుండాదని తెల్దు. మనం జవాబు చెప్పేలోపలే ముందుకి పోతాడు.” కాసేపు పాఠం విని, గొంతు తగ్గించి అంది: “పాపం, ఈయనకి మాట్లాడేదానికి ఎవురూ లేరనుకుంటా. గోడతో చెప్పినట్టుండాది.”

“గోడ కాదక్కా, బొంత!”

నోరు దాటి వచ్చేసింది. స్పీకర్లలో ఒక నేను, కుర్చీలో ఒక నేను. యజమాని టీ గ్లాసు కింద పెట్టి, ఏడుకొండలున్న దిక్కుకు తిరిగి రెండు చేతులూ ఎత్తి “గోవిందా! మాటొచ్చేసింది!” అని కేక పెట్టాడు. టీచరక్క మాత్రం ఒకసారి తెరను, ఒకసారి నన్ను చూసి, “నువ్వేనా ఆయన?” అంది. తలూపాను. కళ్ళలో నీళ్ళెందుకు తిరిగాయో నాకు తెలియలేదు. ఆమె తిట్టలేదు, నవ్వనూ లేదు. కంప్యూటరు ఆపేసి, కుర్చీని నాకు ఎదురుగా తిప్పుకుంది. “ఇప్పుడు చెప్పు. నా మొగం సూసి చెప్పు.”

చెప్పాను. ఆమె నుదురు ముడిపడితే ఆగాను. మళ్ళీ ఇంకోలా చెప్పాను. మూడో పాఠం ముగిసేసరికి పొద్దు వాలింది. యజమాని కూడా పక్కనే కూర్చుని శ్రద్ధగా విన్నాడు, మాట మళ్ళీ పోతుందేమోనని అనుమానంగా చూస్తూ.

తిరిగొచ్చి కోర్సునంతా విప్పేశాను. తామరపువ్వు పోయింది. పొడుగు పాఠాలు చిన్నవయ్యాయి. వినేవాళ్ళు కావలసిన చోట ఆపి, కావలసినంతే వెనక్కి పోయే వీలు పెట్టాను. “అర్థమైందా?” తర్వాత ‘అయింది’, ‘కాలేదు’ అని రెండు మీటలు. కాలేదంటే అదే విషయం ఇంకో ఉదాహరణతో వస్తుంది. రికార్డు చేసేటప్పుడు అడిగాక కాసేపు మౌనంగా ఉండటం మొదలుపెట్టాను. డైరెక్టరు సారు విని “ఏమప్పా, నడిమద్దెన మాట పడిపోయిందే?” అన్నారు. “ఆ అక్క జవాబు చెప్తా ఉండాది సార్” అన్నాను. ఆయన నన్ను కొంచెం భయంగా చూసి, సెలవు ఏమైనా కావాలా అని అడిగారు.

టీచరక్క ఆ విడతలో కోర్సు ముగించింది. ఆమె చెప్పగా చేరిన ఆమె బడిలోని టీచర్లు ఇంకొందరూ ముగించారు. నా విభాగం నిలబడింది. వేసవి సెలవుల్లో ఆమె భర్త, పిల్లలతో కొండకు వచ్చి, దిగేటప్పుడు నన్ను వెతుక్కుంటూ ఆఫీసుకు వచ్చింది. “రా తమ్ముడూ, అన్నం తిందాం” అని బస్టాండు దగ్గరి మెస్సుకు తీసుకెళ్ళి తన పిల్లల మధ్య నాకు ఆకు వేయించింది. ఆ మధ్యాహ్నం నేనెంత మాట్లాడానంటే, వాళ్ళ తడ బస్సు వెళ్ళిపోయింది. ఆమె భర్త అసలే నెమ్మదస్తుడు, “పోనీలేప్పా, ఇంకోటి వస్తాది” అన్నాడు. ఆ ఇంకోటి కూడా ఆలస్యమట. బస్టాండు బెంచీ మీద పిల్లలు నా ఒళ్ళో తలపెట్టి నిద్రపోయారు. నేను పైకి అయ్యో అయ్యో అంటూ, బస్సు వచ్చే దిక్కువైపు చూడకుండా కూర్చున్నాను. బస్సు రాకూడదని మొక్కుకుంటూ బస్టాండులో కూర్చున్న ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. వాడి పక్కన కాసేపు కూర్చోవాలనీ అనిపిస్తుంది.