నడి ఏట్లో బాజీ పంచాయితీ

మా లంకలో బాజీ పడవ ఎక్కేవాళ్లు రెండు రకాలు. ఒడ్డుకి చేరాలని ఎక్కేవాళ్లు, గొడవ తేల్చుకోవాలని ఎక్కేవాళ్లు. నేను మొదటి రకం. అవతలి ఒడ్డున పటమటలో ఓ కళ్లజోళ్ల షాపులో నా ఉద్యోగం. ఆ పడవ పుణ్యమా అని వేళకి షాపులో అడుగుపెట్టిన రోజు లేదు. "ఏం కృపానందం, ఇవాళ ఎవరి కాపురం నిలబెట్టి వచ్చావు?" అని మా ఓనరు అందరి ముందూ అడిగేవాడు. కళ్లు కనపడక వచ్చిన కస్టమర్లు కూడా నా వైపు చూసి నవ్వేవాళ్లు.

దీనికంతటికీ కారణం ఒక బెల్టు. బాజీ పడవ కడుపులో, చెక్క మూత కింద, ఏదో లారీ నుంచి ఊడదీసిన ముసలి డీజిలు ఇంజను ఉంది. దాన్ని చల్లగా ఉంచే నీళ్ల పంపు ఓ రబ్బరు బెల్టు మీద తిరుగుతుంది. ఆ బెల్టు సాగిపోయింది. బిగిద్దామంటే బిగించే బోల్టు మరలు కూడా అరిగిపోయాయి. రేవు వదిలిన కాసేపటికే బెల్టు జారి కీచుమంటుంది. పంపు తిరగదు, నీళ్లు పారవు, ఇంజను సలసలా కాగుతుంది. సరిగ్గా ఏటి మధ్యకొచ్చాక ఓసారి బుస్సుమని ఆగిపోతుంది.

ఇక అది చల్లారాలి. చుట్టూ కృష్ణ, లేచి వెళ్లిపోదామంటే దారి లేదు. హనుమయ్యకీ సీతమ్మకీ ఏళ్ల తరబడి నలుగుతున్న మునగచెట్టు తగాదా అక్కడే తేలింది. ఒకరి మొహం ఒకరు చూడని మనుషులు ఆ రోజు ఒకే చెక్క మీద ఇరుక్కుని కూర్చోవాల్సి వచ్చింది. బాజీ ఇంజను మీద తడిగోనె కప్పుతూ, "దొడ్డి దాటిన కొమ్మ సీతమ్మగారిది, మిగతా చెట్టు హనుమయ్యగారిది. ఇది చల్లారేలోపు ఒప్పేసుకోండి" అన్నాడు. ఒప్పుకున్నారు. ఎండ అలాంటిది.

అప్పటినుంచి ఊళ్లో గట్ల తగాదాలు, వదినామరదళ్ల అలకలు అన్నీ పడవెక్కాయి. బాజీ మాత్రం ఓ నియమం పెట్టుకున్నాడు. ఇంజను దానంతట అది ఆగాలి తప్ప తను ఆపకూడదు. తను ఆపితే ఎవరో ఒకరి పక్షం వహించినట్టట. పాడైన ఇంజనుకి ఏ పక్షమూ లేదట. ఇలాంటి న్యాయం నేనింకెక్కడా వినలేదు.

ఊరందరి కాపురాలూ చక్కబెట్టిన ఈ పెద్దమనిషి సొంత కాపురం మాత్రం ఆ బెల్టుతోనే పాడుచేసుకున్నాడు. అతని భార్య జమాల్ బీ గ్రైండరులో ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతుంది. ఓ పొద్దున రేవులోనే పాత బెల్టు ఊడి నీళ్లలో పడింది. దాన్ని వెతికే ఓపిక లేక బాజీ ఇంటికి పరిగెత్తి, గ్రైండరు బెల్టు సైజు ఒకటేనని కొలుచుకుని, పప్పు సగం నలుగుతుండగా ఊడబెరుక్కుని పోయాడు. అది సగం ఏరు దాటేలోపే తెగింది. ఇంటి దగ్గర ఎవరిదో పెళ్లి టిఫిన్ల పిండి నలగని పప్పుగా మిగిలింది. పెళ్లివాళ్లు నానా మాటలూ అని వెళ్లారు. జమాల్ బీ బట్టలు సర్దుకుని గన్నవరంలో చెల్లెలింటికి వెళ్లిపోయింది.

బాజీ పాత బెల్టుని నీళ్లలోంచి తీసి మళ్లీ తొడిగాడు. పంచాయితీలు మాత్రం మానేశాడు. ఇంజను ఆగినప్పుడల్లా గన్నవరం వైపు చూస్తూ కూర్చునేవాడు. మాకేమో జాలి. నాకు జాలితోపాటు ఆలస్యం కూడా.

ఇది చూడలేక బాజీ మేనల్లుడు, ఆటోనగర్లో మెకానిక్కు తౌసిఫ్, కొత్త బెల్టు తెచ్చి వేశాడు, పాతది పడవలోనే ఓ మూలకి విసిరాడు. బోల్టు మార్చాడు, గొట్టంలో చిక్కుకున్న గుర్రపుడెక్క వేళ్లు లాగేశాడు. ఇంజను నున్నగా పాడింది. షాపు తాళం తీయకముందే నేను వెళ్లి గుమ్మంలో నిలబడితే, ఓనరు నాకు ఒంట్లో బాగోలేదేమోనని కంగారుపడ్డాడు.

సరిగ్గా ఆ వారమే జమాల్ బీ వచ్చింది, గ్రైండరు తీసుకుపోవడానికి. నలుగురు పట్టి దాన్ని పడవలో పెట్టారు, తౌసిఫ్ కూడా ఎక్కాడు. ఆమె దాని మీదే కూర్చుంది. అంటే ఇక తిరిగి రాదన్నమాట. బాజీకి మిగిలింది ఈ ఏరు దాటేంత వ్యవధే.

పడవ కదిలింది. అందరం ఇంజను వైపే చూస్తున్నాం. కీచుమనదే! సీతమ్మ చెక్క మూత మీద చెయ్యి పెట్టి చూసి, "చల్లగా ఉందిరా దేవుడా" అని ఏడుపు మొహం పెట్టింది. బాజీ నేరుగా రేవుకి పోకుండా ఇసుక తిప్ప చుట్టూ తిప్పాడు. ఇంజను కాగలేదు. ఇంకోసారి తిప్పాడు. రేవులో ఆటోవాళ్లు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు.

"ఆపి మాట్లాడవయ్యా!" అని అరిచాను. నేనే అరిచాను, ఆలస్యం అంటే ఒళ్లుమండే నేను.

"నేనాపకూడదు కృపానందంగారూ!" అన్నాడు. కళ్లలో నీళ్లు.

జమాల్ బీ లేచింది. మూత ఎత్తి కొత్త బెల్టు కేసి చూసింది. వంగి ఇంజను ఆపే తీగ పట్టుకుని లాగింది. ఏరంతా నిశ్శబ్దమైపోయింది.

"నువ్వాపలేదు, నేనాపాను. ఇప్పుడు చెప్పు."

ఊరందరికీ తీర్పు చెప్పిన బాజీ గ్రైండరు ముందు చతికిలబడ్డాడు. "ఇంట్లో గ్రైండరు చప్పుడు లేదు. నిద్ర పట్టట్లేదు జమాలూ. తప్పు నాదే" అన్నాడు.

"నేను జ్వరంతో మూలుగుతూ పడుకున్నా నీ ఇంజను గురించే మాట్లాడేవాడివి. ఇప్పుడు గ్రైండరు కోసం నిద్ర పట్టట్లేదా?"

"గ్రైండరు కోసం కాదు. నీకోసం."

ఆమె తౌసిఫ్‌ని పిలిచింది. "ఆ కొత్త బెల్టు విప్పి నా గ్రైండరుకి తొడుగు. ఇంజనుకి మీ మామ పాత బెల్టే వెయ్యి."

"అత్తా, పాతదేస్తే ఎంత బిగించినా జారి ఇంజను కాగిపోతుంది!"

"కాగనీ. తెంపింది నా బెల్టు కదా, ఎవరి సొమ్ము ఎవరికి చెందాలో వాళ్లకే చెందాలి. పడవ ఇంటివైపు తిప్పమను."

ఇలా మేమంతా ఉద్యోగాలకి బయల్దేరి మళ్లీ లంకవైపే వెనక్కి తిరిగాం. వెనక్కైనా సరిగ్గా వచ్చామా? ఏటి మధ్యలో బెల్టు కీచుమంది, ఇంజను బుస్సుమని ఆగిపోయింది. సీతమ్మ దణ్ణం పెట్టింది. బాజీ, జమాల్ బీ గ్రైండరుకి చెరోపక్కా కూర్చుని ఏదో మెల్లగా మాట్లాడుకుంటున్నారు. మేం మర్యాదగా దూరంగా కనపడే బ్యారేజీ వైపు చూస్తూ కూర్చున్నాం.

ఎండ నడినెత్తికెక్కింది. తౌసిఫ్ గోనె తీసి, ఇంజను మీద అరచెయ్యి ఆనించి, "చల్లారింది మామా, పోదామా?" అన్నాడు.

జమాల్ బీ అటు తిరిగి చూడనైనా చూడలేదు. "ఎవరు చెప్పారు? ఇంకా కాలుతోంది. కాసేపాగు" అంది.